గాలివాటు ప్రయాణం

తెలుగులో ‘గాలివాటు’ అన్న మాటకు మంచి పేరు లేదు. ముందుచూపు లేకుండా, ఏ ప్రయత్నమూ లేకుండా జరిగిపోయే పనిని మనం గాలివాటు పని అంటాం. చదువు మీద గురి లేని కుర్రవాడు గాలివాటుగా తిరుగుతున్నాడంటాం. ఇది గట్టు మీద నిలబడినవారు పుట్టించిన అర్థమే కాని పడవలో కూర్చున్నవారిది కాదని నా నమ్మకం. తెరచాప ఎత్తి బతికిన మనిషికి గాలివాటు అంటే నిర్లక్ష్యం కాదు, లెక్క. గాలి ఏ దిక్కు నుంచి వస్తున్నది, ఎంతసేపు నిలుస్తుంది, నీటి వాలు దానికి కలిసి వస్తుందా, అడ్డుపడుతుందా అని క్షణక్షణం చూసుకొనేవాడి కంటె ముందుచూపు గలవాడెవడు?

పడవ ప్రయాణాన్ని గురించిన మన ఆలోచన కూడా ఇలాగే గట్టు మీద నిలిచిపోయింది. పడవ అనగానే మనకు రెండు చిత్రాలే స్ఫురిస్తాయి. మొదటిది విహారం: కార్తికమాసపు వనభోజనం, పాపికొండల అందం, ఫొటోలు. రెండవది వెనుకబాటు: వంతెన లేని ఊరు, బస్సు రాని లంక. రోజూ పనికి వెళ్లి రావడానికి పడవ ఒక మార్గమనీ, నీరు కూడా ఒక రహదారి అనీ తలచేవారు తక్కువ. ఈ లోపం మాటలకే పరిమితమైతే నేను ఈ వ్యాసం రాయనక్కరలేదు. ఇది కొందరు విద్యార్థుల చదువుకు, ఒక్కొక్కప్పుడు ప్రాణానికి కూడా సంబంధించిన విషయం.

నా దగ్గర చదువుకొన్న ఒక విద్యార్థి కొంతకాలం కిందట కాలిఫోర్నియా నుంచి ఫోన్ చేశాడు. వారం రోజులు ఒక తెరచాప పడవలో కాపురముండి, ఆ పడవ మీదనే ఉద్యోగానికి వెళ్లి వచ్చానని చెప్పాడు. అతడు గోదావరి లంకలో పుట్టినవాడు. అతని తాతగారు కాకినాడ కాలువ మీద సరుకు పడవకు సరంగుగా పనిచేశారు. అందుచేత విహారయాత్ర ముచ్చట్లుగా తోసిపుచ్చకుండా శ్రద్ధగా విన్నాను. విన్నది మీకు కొంత వివరంగా చెప్పడం అవసరం.

శాన్‌ఫ్రాన్సిస్కో అఖాతానికి తూర్పు వైపున అలమీడా అనే దీవి పట్టణం ఉన్నది. పడమటి గట్టున శాన్‌ఫ్రాన్సిస్కో మహానగరం. నడుమ నీటి మీద, అతని రేవు నుంచి ఆఫీసు దగ్గరి రేవుకు, సుమారు పది కిలోమీటర్లు. అతడు మామూలుగా కారులో వంతెన దాటి వెళతాడు. పడవ అతని స్నేహితుడిది. ముప్పై అడుగుల పాత పడవ. ఇద్దరూ రెండేళ్లుగా సెలవు రోజుల్లో దాని మీద తెరచాప విద్య నేర్చుకొంటున్నారట. ఆ వేసవిలో ఒక సోమవారం నుంచి ఆదివారం దాకా అందులోనే వంట, నిద్ర, రాకపోకలు పెట్టుకొన్నారు.

అక్కడి గాలికి ఒక దినచర్య ఉన్నది. వేసవిలో కాలిఫోర్నియా లోపలి మైదానం ఎండకు కాగిపోతుంది. అక్కడి గాలి వేడెక్కి పైకి లేస్తుంది. ఆ చోటును నింపడానికి పసిఫిక్ మహాసముద్రం మీది చల్లగాలి గోల్డెన్ గేట్ అనే ఇరుకు జలమార్గం గుండా అఖాతంలోకి దూసుకొస్తుంది. కాబట్టి ఉదయం గాలి మందంగా ఉంటుంది. మధ్యాహ్నం దాటిన తరువాత పడమటిగాలి విజృంభిస్తుంది. ఉదయం పడమరకు పోవాలి, సాయంత్రం తూర్పుకు రావాలి. వచ్చేటప్పుడు గాలి వెన్నుతట్టి పంపుతుంది, పోయేటప్పుడు ఆ కాస్త గాలీ ఎదురొస్తుంది. ఏ తెరచాప పడవా గాలికి సూటిగా ఎదురు పోలేదు. గాలి వచ్చే దిక్కుకు ఇంచుమించు నలభై అయిదు డిగ్రీలు ఓరగా కొంతదూరం ఒక పక్కకు, తరువాత కొంతదూరం మరో పక్కకు, పాము నడకలో పోవాలి. అలా పోతే పది కిలోమీటర్ల దారి పద్నాలుగు కిలోమీటర్లవుతుంది. మంచి గాలిలో కూడా అటువంటి పడవ గంటకు తొమ్మిది, పది కిలోమీటర్లకు మించి నడవదు. గాలి బొత్తిగా లేని ఉదయాల్లో వారు చిన్న ఇంజను వేసుకోక తప్పలేదు. తెరచాప మీద పూర్తిగా ఆధారపడ్డామని చెప్పుకోలేదు. అది నాకు నచ్చింది.

ఒక ఉదయం పొగమంచు కమ్మి పక్కనున్న పడవ కూడా కనబడలేదట. ఆ నీటిలో ఓక్లండ్ రేవుకు వచ్చే పెద్ద పెద్ద సరుకు ఓడలు తిరుగుతుంటాయి. ఇరుకు దారిలో అటువంటి ఓడ చప్పున ఆగలేదు, తిరగలేదు. చిన్న పడవే తప్పుకోవాలన్నది సముద్ర నియమం. ఓడల కూత వినబడుతున్నది, ఓడ కనబడటం లేదు. ఆ స్థితిలో కట్టు విప్పకుండా గంటన్నర కూర్చోవడమే నావికుడి వివేకం. వారు కూర్చున్నారు. మరో సాయంత్రం గాలి మరీ ఉద్ధృతమైతే తెరచాపను కొంత మడిచి, గుడ్డ వైశాల్యం తగ్గించి నడిపారు.

పడవలోని కాపురాన్ని గురించి అతడు చెప్పిన మాటలు వింటే ఎవరికీ అసూయ కలగదు. లోపల తల ఎత్తి నిలబడే చోటు నడుమ ఒక్కటే. ముందుభాగంలో గూటి వంటి పడక. రాత్రి గాలికి తాళ్లు లోహపు స్తంభానికి తగిలి టకటకమంటుంటే మొదటి రెండు రాత్రులూ నిద్ర లేదు. మంచినీటి తొట్టిలో నూటయాభై లీటర్లు; అది ఇద్దరికీ వారానికి సరిపోవాలి. గిన్నెలు ముందు ఉప్పునీటితో తోమి, చివర ఒక్క చెంబు మంచినీటితో తొలిచేవారట. పడవ ఒరిగినా గిన్నె ఒరగకుండా అటూ ఇటూ ఊగే పొయ్యి మీద అన్నం, పప్పు వండుకొన్నారు. చెమ్మకు బట్టలు వాసన పడతాయని ఇస్త్రీ చొక్కాలు ముందే ఆఫీసులో పెట్టుకొన్నాడు. మరుగుదొడ్డి మురికిని నీటిలోకి వదలడం నేరం; దానిని తొట్టిలో నిలవచేసి రేవులోని యంత్రంతో తోడించాలి. పడవలో శాశ్వతంగా కాపురముంటామంటే అక్కడ అందరికీ కుదరదు కూడా. రేవులోని పడవల నెలవులలో పదోవంతుకు మించి నివాసానికి ఇవ్వకూడదని ఆ అఖాతాన్ని కాపాడే సంస్థ నియమం పెట్టింది. నీరు అందరిదీ కాబట్టి కొందరి ఇల్లు కాకూడదన్నది దాని ఆంతర్యం.

ఇంతా చెప్పి అతడు ఒక మాట అన్నాడు. “మాస్టారూ, పొగమంచు రోజున నేను ఆఫీసుకు రెండు గంటలు ఆలస్యంగా వెళ్లాను. ఎందుకు ఆలస్యమయ్యావని ఒక్కరూ అడగలేదు. పైగా చుట్టూ చేరి ఫొటోలు చూపించమన్నారు. ఇంటర్‌లో వరద రోజున వస్తే గేటు దగ్గర ఏమైందో మీకు గుర్తుందా?”

గుర్తున్నది. అప్పుడు మేము ఉన్న కళాశాలలో మొదటి గంట కొట్టిన అయిదు నిమిషాలకు గేటు మూసేవారు. లంకల నుంచి పడవ దాటి వచ్చే ఏడెనిమిది మంది పిల్లలు, ప్యాంట్లు మోకాళ్ల దాకా మడిచి, పుస్తకాలు ప్లాస్టిక్ సంచిలో చుట్టుకొని గేటు బయట నిలబడేవారు. అవతలి ఒడ్డున జనం నిండితే కాని పడవ కదలదు. సుడి ఎక్కువగా ఉంటే ఎగువకు పోయి తిరిగి రావాలి. ఈ సంగతులు హాజరు పట్టీకి అక్కరలేదు. బస్సు చెడిపోయి ఆలస్యమైన వారిని చూసీ చూడనట్లు లోపలికి పంపడం మాత్రం ఉండేది.

విద్యార్థులారా, ఇక్కడ ఆలోచించవలసిన విషయం ఇదే. అదే మనిషి, అదే నీరు, అదే ఆలస్యం. సంపన్న దేశంలో ఇష్టపడి పడవ ఎక్కితే అది సాహసం. లంక గ్రామంలో మరో దారి లేక పడవ ఎక్కితే అది క్రమశిక్షణ లోపం! మనం మెచ్చుకొంటున్నది తెరచాపనా, డాలరునా?

ఈ అన్యాయం మనకు పూర్వం నుంచి వచ్చిన ఆచారమని అనుకోవద్దు. ఇప్పటి బాపట్ల జిల్లాలో సముద్రతీరాన మోటుపల్లి ఉన్నది. కాకతీయ గణపతిదేవ చక్రవర్తి క్రీ.శ. 1244లో అక్కడ ఒక అభయశాసనం వేయించాడు. అంతకు ముందటి రాజులు తుపానుకు చిక్కి, పగిలి, తీరానికి కొట్టుకువచ్చిన ఓడలలోని సరుకును బలవంతంగా స్వాధీనం చేసుకొనేవారు. సముద్రయానమనే పెద్ద అపాయానికి ఒడిగట్టి వచ్చిన వర్తకుల మీద దయతో, నిర్ణీతమైన సుంకం తప్ప మరేమీ తీసుకోబోమని గణపతిదేవుడు ప్రకటించాడు. వర్తకం పెరిగితే ఖజానా నిండుతుందన్న లౌక్యం కూడా ఇందులో లేకపోలేదు. అయినా ఆ రాజు ఒక మౌలికమైన ధర్మాన్ని గుర్తించాడు: గాలి చేసిన పనికి ఓడవాణ్ణి దండించకూడదు. శ్రీనాథుని ‘హరవిలాసం’ అంకితం పుచ్చుకొన్న అవచి తిప్పయశెట్టి దూరద్వీపాల నుంచి సరుకులు తెప్పించిన వర్తకుడు. తెరచాప పడవ మన కావ్యాలకు వస్తువు కావడమే కాదు, మన కవులకు అన్నం కూడా పెట్టింది. ఇంకా వెనుకకు పోతే యజ్ఞశ్రీ శాతకర్ణి నాణేల మీద రెండు స్తంభాల ఓడ కనిపిస్తుంది. రాజు తన నాణెం మీద వెనుకబాటుతనాన్ని ముద్రించుకోడు కదా!

పడవలో కాపురముండి పనిచేయడం గోదావరి, కృష్ణా మండలాలకు కొత్త కాదు. 1847లో మొదలై 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట వెంట సర్ ఆర్థర్ కాటన్ తవ్వించిన కాలువలు పొలాలకు మాత్రమే ఉద్దేశించినవి కావు. అవి రహదారులు కూడా. ఎగువ నీటికీ దిగువ నీటికీ ఉన్న తేడాను పడవ దాటడానికే లాకులు కట్టారు. దక్షిణాన 1806లో మద్రాసు దగ్గర మొదలై, అంచెలంచెలుగా పెరిగి, 1878లో బకింగ్‌హామ్ పేరు పొందిన కాలువ ఈ కాలువలతో కలిసింది. కాకినాడలో బయలుదేరిన పడవ సముద్రం ముఖం చూడకుండా మద్రాసు చేరేది. గాలి ఉంటే తెరచాప, లోతు తక్కువైతే గడ, రెండూ కుదరకపోతే మనుషులు గట్టున నడుస్తూ మోకుతో లాగడం. రోజుల తరబడి సాగే ఆ ప్రయాణాల్లో పడవే వారికి ఇల్లు, పడవే పని చోటు. మట్టిపొయ్యి మీద వంట, బస్తాల మీద నిద్ర. పాలగుమ్మి పద్మరాజు గారి ‘పడవ ప్రయాణం’ కథ చదివినవారికి ఆ రాత్రుల చీకటి, ఆ మనుషుల బతుకు కొంత తెలుస్తుంది. నా విద్యార్థి ఏడు రోజులు చవిచూసిన ఇరుకు, చెమ్మ, నిద్రలేమి అతని తాతగారికి జీవితమంతా ఉన్నవే. ఆయనను ఫొటో చూపించమన్నవారు లేరు. ‘ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, ఏరు దాటాక బోడి మల్లయ్య’ అన్న సామెత ఊరికే పుట్టలేదు.

లారీలు, రైళ్లు వచ్చాయి, కాలువలు పూడాయి, పడవలు గట్టెక్కాయి. ఇందులో విచారించవలసినది అంతగా లేదు. మోకు భుజాన వేసుకొని పడవ లాగడం ఎవరూ కోరుకోవలసిన ఉద్యోగం కాదు. 2008లో కాకినాడ – పుదుచ్చేరి కాలువలను, గోదావరి, కృష్ణా నదుల భాగాలను కలిపి 1,078 కిలోమీటర్ల పొడవున నాలుగో జాతీయ జలమార్గంగా ప్రకటించారు. ఆ ప్రకటనలో సరుకు రవాణా మాటే ఎక్కువ వినిపించింది. సరుకు సంగతి సరే. మనిషి సంగతి? లంకలో పుట్టి ఒడ్డున చదువుకోవలసిన పిల్లవాడి సంగతి?

2018 జూలై 14న తూర్పుగోదావరి జిల్లా ఐ.పోలవరం మండలంలోని పశువుల్లంక దగ్గర గౌతమిలో ఒక నాటుపడవ బోల్తాపడింది. అందులో బడి నుంచి ఇంటికి పోతున్న పిల్లలున్నారు. నది ఉరవడికి పడవ, కడుతున్న వంతెన స్తంభాన్ని ఢీకొన్నది. గల్లంతైన వారిలో బడి ఆడపిల్లలే ఎక్కువ. ఏ వంతెన పూర్తయితే ఆ పిల్లలకు పడవ ఎక్కవలసిన అవసరం తీరిపోయేదో, ఆ వంతెనే మృత్యువైంది. ఈ విషాదాన్ని చెప్పి కన్నీరు తెప్పించడం నా ఉద్దేశం కాదు. వంతెన వచ్చేదాకా ఏమి చేయాలన్న ప్రశ్నను మనం ఎప్పుడూ వేసుకోమని చెప్పడం నా ఉద్దేశం. అన్ని లంకలకూ వంతెనలు కడితే సరిపోతుంది, పడవల గొడవ ఎందుకని కొందరు అంటారు. కట్టవలసిందే. కాని వంతెనకు ఏళ్లు పడతాయి; పిల్లవాడి ఇంటర్మీడియట్ రెండేళ్లే. చాకలిపాలెం దగ్గర కనకాయలంకకు పోయే కాజ్‌వే వంటివి ఏళ్ల తరబడి ప్రతి పెద్ద వరదకూ మునుగుతూనే వచ్చాయి. మునిగిన రోజున పడవే దిక్కు.

కేరళ ఈ విషయంలో వేరుగా ఆలోచించింది. అక్కడ 1968 నుంచి జల రవాణాకు ప్రత్యేకంగా ఒక ప్రభుత్వ శాఖ ఉన్నది. బస్సు మాదిరే పడవకు వేళలు, టిక్కెట్లు, రేవులు. 2017లో వైక్కం – తవణక్కడవుల నడుమ వేంబనాడు సరస్సులో ‘ఆదిత్య’ అనే సౌరశక్తి పడవను నడపడం ప్రారంభించారు. 2023 ఏప్రిల్‌లో కొచ్చిలో విద్యుత్ పడవలతో వాటర్ మెట్రో మొదలైంది. తెరచాప గాలితో చేసిన పనినే ఆదిత్య ఎండతో చేస్తున్నది. ఇంధనం కొనకుండా ప్రకృతి ఇచ్చినదానితో నడవడం. గోదావరి మండలంలో ఎండకు కరవున్నదని ఎవరూ అనలేరు.

తెరచాప పాతకాలపు వస్తువు, దానిని పట్టుకు వేళ్లాడటం వెనుకచూపు అనేవారికి ఒక్క మాట. 2017 సెప్టెంబరులో గోవా నుంచి ‘తారిణి’ అనే తెరచాప పడవ బయలుదేరింది. పొడవు యాభై అయిదు అడుగులు. అందులో ఆరుగురు భారత నౌకాదళ మహిళా అధికారులు 254 రోజుల్లో భూమిని చుట్టి, 2018 మేలో తిరిగి వచ్చారు. వారు గడిచిన దూరం 21,600 నాటికల్ మైళ్లు, అంటే సుమారు నలభై వేల కిలోమీటర్లు. ఆ ఆరుగురిలో విశాఖపట్నానికి చెందిన పాతర్లపల్లి స్వాతి, హైదరాబాదుకు చెందిన బొడ్డపాటి ఐశ్వర్య ఉన్నారు. వారికి అది విహారం కాదు, ఉద్యోగం.

అందరూ తెరచాపలెత్తి ఉద్యోగాలకు వెళ్లాలని నేను అనను. నా విద్యార్థి కూడా ఎనిమిదో రోజున కారు తీశాడు. నేను అడిగేది చిన్న విషయం. పడవను రహదారిలో భాగంగా లెక్కించండి. బస్సుకు విద్యార్థి పాసు ఉన్నట్టే రేవుకు కూడా ఉండాలి. ఎక్కిన ప్రతి బిడ్డకూ, ఈత వచ్చినా రాకపోయినా, తేలుడు చొక్కా ఇచ్చి, తొడిగించి, ఆ తరువాతే పడవ విప్పాలి. యంత్రం లేని పడవలను కూడా స్థానికంగా నమోదు చేసే ఏర్పాటును 2021 నాటి అంతర్దేశీయ నౌకల చట్టం పేర్కొన్నది. పంచాయతీలు దానిని చదివి అమలు చేయాలి.

హాజరు మాట మా అధ్యాపకులకు సంబంధించినది. ఇంటర్మీడియట్‌లో 75 శాతం హాజరు ఉండాలన్న నియమం మీ అందరికీ తెలుసు. అది మంచి నియమమే. దానిని సడలించమనడం లేదు. ఇలా అనుమతిస్తే అబద్ధాలాడే పిల్లలు పుట్టుకొస్తారని ఒక సహాధ్యాపకులు వాదించారు. పడవ నడిచిందో లేదో దాచగలిగిన రహస్యం కాదు. ధవళేశ్వరం దగ్గర నీరు ప్రమాద హెచ్చరిక స్థాయికి చేరితే ఆ సంగతి జిల్లా అంతటికీ గంటలో తెలుస్తుంది. రేవుల్లో పడవలు ఆపమని అధికారులే ఆదేశిస్తారు. ఆ ఆదేశం ఉన్న తేదీలను కళాశాల హాజరు పట్టీలో విడిగా గుర్తించి, లంక విద్యార్థుల లెక్కలో ఆ రోజులను పని దినాల నుంచి తీసివేయాలి. పోయిన పాఠాన్ని మరో రోజు సాయంత్రం చెప్పాలి. మిగిలిన రోజుల్లో అవతలి ఒడ్డున తొలి పడవ విప్పే వేళను బట్టి మొదటి పీరియడ్‌కు పావుగంట వెసులుబాటు ఇస్తే చాలు. ఆ పడవ ఎన్ని గంటలకు విప్పుతారో తెలుసుకోవడానికి ప్రిన్సిపాల్ గారు ఒక్కసారి రేవు దాకా వెళ్లి సరంగును అడగాలి.